కుటుంబ పరిచర్య: ఒత్తిడి, శరీర శోథము

నిర్వచనము, పరిధి

దీర్ఘవ్యాధిచేతనో, వార్ధక్యముచేతనో, బుద్ధిశక్తి నశించుటచేతనో తన పనులు తాను చేసికొనజాలని బంధువును ఇంటియందే యుంచుకొని, వేతనాపేక్ష లేక, స్నానభోజనములు మొదలుకొని వేళకు మందులిచ్చుట వరకు సమస్తమును కనిపెట్టి చూచుకొనుట కుటుంబ పరిచర్య యనబడును. ఈ పరిచర్య మాసములు, సంవత్సరములు సాగి, మీద పడిన భారమునకు పరిచారకుని శక్తి చాలనప్పుడు కలుగు శారీరక మానసిక క్లేశమునే పరిచర్యా ఒత్తిడి యందురు.

దెబ్బ తగిలినను, సూక్ష్మజీవులు ప్రవేశించినను, శరీరము ఆత్మరక్షణకై జరుపు ప్రతిక్రియకు శోథమని పేరు. వ్యవహారమున దీనిని వాపు, మంట అను మాటలతో చెప్పుట గలదు. గాయము మానగానే శమించునది తీవ్రశోథము, అది ప్రాణరక్షకము. గాయము గాని అంటువ్యాధి గాని కానరాకున్నను, రక్తమునందు శోథకారక ద్రవ్యములు సంవత్సరముల తరబడి స్వల్పముగా అధికమై యుండుట అల్పస్థాయి దీర్ఘశోథము. దీనికి బాహ్యలక్షణము లుండవు. పరిచర్యా ఒత్తిడికిని ఈ రెండవ విధమగు శోథమునకును గల సంబంధము, అది ఏర్పడు మార్గములు, దానికి గల నిదర్శనములు, ఆ నిదర్శనములకు గల పరిమితులు ఈ వ్యాసమునందు వివరింపబడుచున్నవి.

చరిత్ర

శోథమునకు ఎరుపు, వాపు, వేడి, నొప్పి అను నాలుగు లక్షణములను క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను గ్రంథకర్త సెల్సస్ పేర్కొనెను. రక్తపరీక్షచే శోథమును గుర్తింప వీలు కలిగినది మాత్రము 20వ శతాబ్దముననే. 1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థయందు టిల్లెట్, ఫ్రాన్సిస్ అను శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తమున సి-రియాక్టివ్ ప్రోటీన్ అను పదార్థమును కనుగొనిరి. 1936లో హాన్స్ సెల్యే, భిన్నభిన్నములగు హానికర హేతువులు శరీరమునందు ఒకే తీరు ప్రతిక్రియను కలిగించునని ప్రకటించుటతో, ఒత్తిడి శరీరశాస్త్రమునందు చర్చనీయాంశ మయ్యెను.

రోగనిరోధక వ్యవస్థ మెదడుతో నిమిత్తము లేక స్వతంత్రముగా పనిచేయునను అభిప్రాయము చిరకాలము ప్రబలియుండెను. 1975లో రాబర్ట్ ఆడర్, నికొలస్ కోహెన్ అనువారు, అలవాటు చేయుట ద్వారా ఎలుకల రోగనిరోధక ప్రతిక్రియను తగ్గింపవచ్చునని నిరూపించి ఆ అభిప్రాయమును సడలించిరి. దీనినుండియే మనస్సునకు, నాడీమండలమునకు, రోగనిరోధక వ్యవస్థకు గల పరస్పర సంబంధమును పరిశీలించు సైకోన్యూరోఇమ్యునాలజీ యను శాస్త్రశాఖ వికసించినది. 1980లో స్టీవెన్ జారిట్, ఆయన సహచరులు పరిచర్యా భారమును కొలుచుటకు ఒక ప్రశ్నావళిని రూపొందించిరి. 1986లో జపానుకు చెందిన హిరానో, కిషిమోటో ప్రభృతులు ఇంటర్‌ల్యూకిన్-6 యొక్క జన్యునిర్మాణమును వెల్లడించిరి. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున జానిస్ కీకోల్ట్-గ్లేజర్, రోనాల్డ్ గ్లేజర్ దంపతులు 1987లో అల్‌జైమర్స్ రోగుల కుటుంబ పరిచారకులు 34 మందిని, పరిచర్యాభారము లేని 34 మందితో పోల్చి, మొదటివారి రోగనిరోధక సూచికలు తగ్గియుండుటను ప్రకటించిరి. అప్పటినుండి కుటుంబ పరిచారకులు దీర్ఘకాలిక ఒత్తిడిని పరిశీలించు శాస్త్రజ్ఞులకు ముఖ్యమైన పరిశోధనావిషయ మైరి.

పరిచర్యా భేదములు

రోగియొక్క వ్యాధిని బట్టియు, పరిచారకునితో అతనికి గల బంధుత్వమును బట్టియు పరిచర్య అనేక విధములు. వీనిలో అధికముగా పరిశోధింపబడినవి మూడు: చిత్తవైకల్యము, అనగా డిమెన్షియా, సోకిన భార్యకో భర్తకో చేయు పరిచర్య, కేన్సరు రోగికి చేయు పరిచర్య, దీర్ఘవ్యాధి గాని వైకల్యము గాని గల బిడ్డకు తలిదండ్రులు చేయు పరిచర్య. పక్షవాతముచే మంచాన పడినవారికి చేయు సేవయు, వృద్ధులగు తల్లిదండ్రులకు సంతానము చేయు సేవయు నాలుగవ, అయిదవ విధములుగా గణింపదగును.

చిత్తవైకల్య రోగికి చేయు పరిచర్య విశేషముగా క్లేశకర మగుటకు కారణములు గలవు. రోగి రాత్రివేళ లేచి వీధితలుపు గడియ తీయబోవును. ఇప్పుడే భోజనము చేసియు ఇంకను అన్నము పెట్టలేదని అలుగును. నలువది యేండ్లు కాపురము చేసిన భార్యను ఎవరవని ప్రశ్నించును. పరిచారకురాలికి నిద్ర తునకలు తునకలగును. రోగి బ్రదికి యుండగనే ఆ మనిషి తనకు దూరమగుచున్నాడను దుఃఖము నానాటికి పెరుగును. ఇట్టి స్థితి సగటున అనేక సంవత్సరములు సాగును. ఎప్పటికి ముగియునో ముందుగా తెలియదు.

సమాజశాస్త్రజ్ఞుడగు లియొనార్డ్ పెర్లిన్, ఆయన సహచరులు 1990లో ఈ క్లేశమునకు గల కారణములను రెండు తరగతులుగా విభజించిరి. రోగి ప్రవర్తన, అతనికి చేయవలసిన చాకిరి, విశ్రాంతి లేమి మొదలగునవి ప్రథమ కారణములు. వీనినుండి పుట్టు కుటుంబ కలహములు, ఉద్యోగమునకు భంగము, ధననష్టము, ఆత్మవిశ్వాసము సన్నగిల్లుట ద్వితీయ కారణములు. సమాన పరిమాణము గల చాకిరి చేయు ఇరువురిలో ఒకరు కుంగుటకు, వేరొకరు నిలద్రొక్కుకొనుటకు ఈ ద్వితీయ కారణములును, చుట్టుప్రక్కల లభించు సహాయమును చాలవరకు హేతువులు.

శోథ సూచికలు

శోథమును నడుపు సందేశవాహక ప్రోటీనులను సైటోకైనులు అందురు. వీనిలో ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అనునవి ముఖ్యములు. తెల్లరక్తకణములు, కొవ్వు కణజాలము మున్నగువానినుండి వెలువడు ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయమును చేరి, సి-రియాక్టివ్ ప్రోటీనును ఉత్పత్తి చేయుమని ప్రేరేపించును. ఈ ప్రోటీను లీటరునకు 1 మిల్లీగ్రాముకంటె తక్కువ యున్నచో హృద్రోగ సంభావ్యత అల్పమనియు, 1 నుండి 3 వరకు మధ్యమమనియు, 3 మించినచో అధికమనియు అమెరికాలో 2003లో ప్రకటింపబడిన వైద్యమార్గదర్శనము పేర్కొనినది. జలుబు, పంటినొప్పి వంటి తాత్కాలిక హేతువులచేతను ఇది పెరుగును గనుక ఒక్క పరీక్షను బట్టి దీర్ఘశోథమును నిర్ణయింపరాదు.

రక్తమున తిరుగు ద్రవ్యములను కొలుచుటయేగాక, తెల్లరక్తకణములను పరీక్షనాళికలో నుంచి సూక్ష్మజీవి ద్రవ్యముచే ఉత్తేజపరచి అవి ఎంత సైటోకైనును ఉత్పత్తి చేయునో చూచుట, ఆ కణములలో ఏ జన్యువులు చురుకుగా నున్నవో పరిశీలించుట అను పద్ధతులును గలవు. ఈ మూడు పద్ధతుల ఫలితములు ఎల్లప్పుడును ఏకీభవింపవు.

ఒత్తిడి శోథముగా పరిణమించు మార్గములు

కార్టిసాల్ మార్గము. మనస్సునకు ఆపద తోచినంతనే మెదడులోని హైపోథాలమస్ పీయూషగ్రంథిని, అది మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులను ప్రేరేపింపగా కార్టిసాల్ అను హార్మోను రక్తమున చేరును. సాధారణముగా కార్టిసాల్ శోథమును అణచును. అట్లైనచో ఒత్తిడి అధికమైన కొలది శోథము తగ్గవలసియుండగా, దీర్ఘకాల ఒత్తిడియందు పెరుగుటకు కారణమేమను ప్రశ్న సహజముగా కలుగును. దీనికి శాస్త్రజ్ఞులు చూపిన సమాధానము గ్లూకోకార్టికాయిడ్ నిరోధము: ఒత్తిడి ఎడతెగక సాగునప్పుడు రోగనిరోధక కణములలోని గ్రాహకములు కార్టిసాల్ ఆజ్ఞను యథాపూర్వముగా పాటింపవు. హార్మోను పరిమాణము మారకున్నను దాని శాసనము చెల్లకపోవుటచే శోథకారక జన్యువులు అదుపు తప్పును.

సహానుభూత నాడీమార్గము. ఒత్తిడివేళ నాడీఅగ్రములనుండి వెలువడు నారెడ్రినలిన్, తెల్లరక్తకణములలో ఎన్.ఎఫ్. కప్పా-బి యను ప్రోటీను సముదాయమును చైతన్యపరచును. ఇది కణకేంద్రమును చేరి శోథకారక జన్యువులను మేల్కొల్పును. ఇదేమార్గమున ఎముకమజ్జనుండి అపరిపక్వ మోనోసైట్లు అను తెల్లరక్తకణములు అధికముగా రక్తమున ప్రవేశించునని జంతువులపై జరిపిన ప్రయోగములు తెలుపుచున్నవి.

వేగస్ నాడీమార్గము. వేగస్ నాడి శోథమును శమింపజేయు సంకేతములను అవయవములకు చేర్చునని కెవిన్ ట్రేసీ, ఆయన సహచరులు 2000లో చూపిరి. దీర్ఘకాల ఒత్తిడియందు ఈ నాడి ప్రభావము క్షీణించుటచే శోథమునకు గల సహజమైన అడ్డు సడలును.

జీవనవిధాన మార్గము. నిద్రాభంగము, వేళ తప్పిన భోజనము, నడకకు వెళ్ళ తీరిక లేకుండుట, ధూమపానము పెరుగుట, తన మందులు తాను మరచుట, పరీక్షలకై వైద్యుని దర్శింపకుండుట అనునవి పరిచారకులయందు తరచుగా కానవచ్చును. వీనిలో పెక్కు శోథమును పెంచుటకు తోడ్పడగలవు. విషాదరుగ్మతకును శోథమునకును ఉభయముఖ సంబంధము గలదు. ఒకటి రెండవదానిని వృద్ధిచేయును.

బ్రూస్ మెక్‌ఎవెన్, ఎలియట్ స్టెల్లార్ 1993లో ప్రతిపాదించిన అలోస్టాటిక్ భారమను భావన ఈ మార్గముల నన్నింటిని ఏకసూత్రమున గూర్చును. ఆపదను ఎదుర్కొనుటకై శరీరము చేసికొను సర్దుబాట్లు క్షణికములైనప్పుడు హితకరములు. నిరంతరమైనప్పుడు అవియే అవయవములను అరుగదీయునని ఈ భావనయొక్క సారము.

ప్రధాన పరిశోధనలు

గాయము మానుటపై ప్రయోగము, 1995. కీకోల్ట్-గ్లేజర్ బృందము చిత్తవైకల్యము గల బంధువులకు పరిచర్య చేయు 13 మంది స్త్రీలను, వయస్సునందును కుటుంబాదాయమునందును వారికి సమానులైన వేరు 13 మందిని ఎన్నుకొనెను. ప్రతియొకరి ముంజేతిపై 3.5 మిల్లీమీటర్ల వ్యాసము గల చిన్న గాయము ఒకే రీతిని చేయబడెను. దానిని ఫొటోలు తీసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసినప్పుడు నురగ రాకుండుటను గాయము మానినదనుటకు గుర్తుగా గ్రహించిరి. పరిచారికల గాయములు మానుటకు సగటున 48.7 దినములు పట్టగా, ఇతరులకు 39.3 దినములే పట్టెను. పరిచారికల తెల్లరక్తకణములు, ఉత్తేజపరచినప్పుడు, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా తయారీకి వలయు జన్యుసందేశమును తక్కువగా పుట్టించెను.

టీకా ప్రయోగములు, 1996, 1999. ఒహాయో బృందము 1996లో, చిత్తవైకల్యము గల జీవితభాగస్వామికి పరిచర్య చేయు 32 మందికిని, తత్సమానులగు 32 మందికిని ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయగా, పరిచారకులలో తగినంత ప్రతిరక్షకములు పుట్టినవారు తక్కువయైరి. బ్రిటనులో వేదారా బృందము 1999లో ప్రకటించిన పరిశోధనలో 50 మంది పరిచారకులలో 8 మందికి, అనగా 16 శాతమునకు, టీకా ఫలించగా, పరిచర్య లేని 67 మందిలో 26 మందికి, అనగా 39 శాతమునకు, ఫలించెను.

ఇంటర్‌ల్యూకిన్-6పై దీర్ఘ పరిశీలన, 2003. జీవితభాగస్వామికి పరిచర్య చేయు 119 మందిని, చేయని 106 మందిని ఆరు సంవత్సరములు పరిశీలింపగా, వయస్సుతోపాటు ఇంటర్‌ల్యూకిన్-6 పెరుగు వేగము పరిచారకులలో సుమారు నాలుగు రెట్లు అధికమని తేలెను. వ్యాధులు, మందులు, అలవాట్లు ఈ భేదమునకు కారణములుగా కనబడలేదు. రోగి మరణించి కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మటను ఆ వేగము తగ్గకుండుట ఈ పరిశోధనయందు మిక్కిలి గమనింపదగిన యంశము.

జన్యుచైతన్య పరిశోధనలు. గ్రెగరీ మిల్లర్, ఆయన సహచరులు 2002లో, కేన్సరు చికిత్స పొందుచున్న పిల్లల తలిదండ్రుల రక్తకణములపై కార్టిసాల్ వంటి కృత్రిమ గ్లూకోకార్టికాయిడును ప్రయోగించి, ఇంటర్‌ల్యూకిన్-6 ఉత్పత్తిని అణచు శక్తి దానికి వారియందు తగ్గియుండుటను కనిపెట్టిరి. 2008లో మెదడు కేన్సరు రోగుల కుటుంబ పరిచారకులు 11 మందిని వేరు 10 మందితో పోల్చినప్పుడు, కార్టిసాల్ పరిమాణము ఇరుపక్షములందును సమానముగానే యున్నను, పరిచారకుల మోనోసైట్లలో కార్టిసాల్ ఆధీనమున నుండు జన్యువులు మందగించి, ఎన్.ఎఫ్. కప్పా-బి ఆధీనమున నుండునవి విజృంభించుట గోచరించెను. ముందు చెప్పిన గ్లూకోకార్టికాయిడ్ నిరోధమునకు ఇది మానవులయందు లభించిన ప్రత్యక్ష నిదర్శనము. అయినను పరిశీలితులు అత్యల్పసంఖ్యాకులు.

టెలోమియర్ల పరిశోధన, 2004. ఎలిస్సా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ ప్రభృతులు 58 మంది తల్లులను పరీక్షించిరి. వారిలో 39 మందికి దీర్ఘవ్యాధి గల బిడ్డలుండిరి. పరిచర్య సాగిన సంవత్సరములు అధికమైన కొలది, తల్లికి తోచు ఒత్తిడి పెరిగిన కొలది, క్రోమోసోముల కొనలయందుండు టెలోమియర్లు పొట్టివై యుండెను. టెలోమియర్లు కురుచైన కణములు శోథకారక ద్రవ్యములను స్రవించు స్వభావము గలవి.

స్థానిక శోథము, సర్వాంగ శోథము

పై ఫలితములలో పైకి విరోధము తోచును. గాయమువద్ద శోథము చాలకపోవుటచే మానుట ఆలస్యమైనదని ఒక పరిశోధన చెప్పగా, రక్తమున శోథము మితిమీరినదని వేరొకటి చెప్పుచున్నది. గాయము మానుటకు తొలి దినములలో ఆ చోటికి తెల్లరక్తకణములు చేరి శుభ్రపరచుట యావశ్యకము. ఒత్తిడి ఈ స్థానిక ప్రతిక్రియను మందగింపజేయును. అదేసమయమున, అవసరము లేని తావుల రక్తప్రవాహమునందు సైటోకైనులు పెరుగును. కావున దీర్ఘకాల ఒత్తిడి శోథమును పెంచునని గాని తగ్గించునని గాని ఏకవాక్యమున చెప్పుటకంటె, వలసినచోట తగ్గించి వలదన్నచోట పెంచుచు దాని నియంత్రణమును చెడగొట్టునని చెప్పుట యుక్తతరము.

ఆరోగ్య పర్యవసానములు

ఇంటర్‌ల్యూకిన్-6, సి-రియాక్టివ్ ప్రోటీనుల ఆధిక్యము హృద్రోగము, రెండవ రకపు మధుమేహము, ఎముకల క్షీణత, వార్ధక్య దౌర్బల్యములతో సంబంధము కలిగియున్నది. వయస్సుతోపాటు శోథము స్వల్పముగా పెరుగుటను క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లో ప్రత్యేక లక్షణముగా వర్ణించెను. పరిచర్యా ఒత్తిడి ఈ పెరుగుదలను త్వరపరచునని పలువురి అభిప్రాయము.

అమెరికాలో 54,412 మంది నర్సులను నాలుగు సంవత్సరములు గమనించి 2003లో ప్రకటించిన పరిశోధన, వ్యాధిగ్రస్తుడగు భర్తకు వారమునకు 9 గంటలో అంతకు మించియో పరిచర్య చేయువారికి హృద్రోగ సంభావ్యత 1.82 రెట్లని తెలిపెను. రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ 1999లో ప్రకటించిన పరిశోధనలో, పరిచర్యయందు క్లేశపడుచున్న వృద్ధ దంపతులలో నాలుగు సంవత్సరముల మరణసంభావ్యత పరిచర్య లేనివారికంటె 63 శాతము అధికముగా నుండెను. క్లేశము లేక పరిచర్య చేయువారియందు అట్టి ఆధిక్యము నిర్ధారణ కాలేదు. ఈ రెండు పరిశోధనలును శోథమును నేరుగా కొలువలేదు గనుక, శోథమే ఇందులకు కారణమని వీనివలన సిద్ధింపదు.

భిన్నఫలితములు, విమర్శ

తొలి పరిశోధనలలో అధికభాగము వైద్యాలయములనుండియు, సహాయక సంఘములనుండియు చేర్చుకొనబడిన స్వల్పసంఖ్యాక పరిచారకులపై జరిగినవి. మిక్కిలి బాధపడువారే సహాయమునకై అట్టి తావులకు వత్తురు గనుక వారి స్థితి సర్వపరిచారకులకు ప్రతినిధి కానేరదు. డేవిడ్ రాత్, ఆయన సహచరులు 2016 వరకు వెలువడిన 30 వ్యాసములను సమీకరించి పరిశీలింపగా, పరిచారకులకును ఇతరులకును నడుమ శోథ, రోగనిరోధక సూచికలయందు గల భేదము నిజమే యైనను స్వల్పమని, ప్రామాణిక విచలనములో సుమారు 0.16 వంతని తేలెను.

ఇదే బృందము 2020లో మరింత కట్టుదిట్టమగు పరిశోధనను ప్రకటించినది. జాతీయస్థాయి జనసముదాయమునుండి, పరిచర్యలో ప్రవేశింపకముందే రక్తము సేకరింపబడి పిదప పరిచారకులైన 239 మందిని, కానివారు 241 మందిని సుమారు తొమ్మిదేండ్ల యెడముతో తీసిన రక్తనమూనాలచే పోల్చిరి. పరిశీలించిన ఆరు సూచికలలో ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టరుయొక్క గ్రాహకము ఒక్కటియే పరిచారకులలో అధికముగా పెరిగెను. ఇంటర్‌ల్యూకిన్-6, సి-రియాక్టివ్ ప్రోటీనులందు చెప్పదగిన భేదము లేకుండెను. ఆ జనసముదాయముననే 3,503 మంది పరిచారకులను అంతేమంది ఇతరులతో పోల్చి 2013లో ప్రకటించిన వేరొక పరిశోధన, పరిచారకుల మరణసంభావ్యత 18 శాతము తక్కువగా నుండుటను చూపెను.

ఈ ఫలితములను సమన్వయించినచో, పరిచర్య చేయుటయే శరీరమునకు హానికరమనుట సరికాదని తేలును. స్వచ్ఛందముగా, తగిన తోడ్పాటుతో చేయు సేవ తృప్తిని, చురుకుదనమును కలిగించును. హాని కలుగుట ప్రధానముగా దీర్ఘకాలిక, తీవ్ర, నిస్సహాయ పరిచర్యయందు, అందును వయస్సు మీరినవారికి. శరీరతత్త్వము, పూర్వపు కష్టములు, ఆర్థికస్థితి ఈ ఫలితమును మార్చుచుండును.

ఉపశమనోపాయములు

విశ్రాంతి కల్పన. రోగిని పగటివేళ సంరక్షణకేంద్రమున ఉంచిన దినములలో పరిచారకులకు ఒత్తిడి తగ్గుటయు, అధివృక్క గ్రంథి స్రావములలో మేలైన మార్పులు కానవచ్చుటయు జారిట్ బృందపు పరిశోధనలు నిరూపించినవి.

ధ్యానము. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున హెలెన్ లావ్రెట్‌స్కీ బృందము చిత్తవైకల్య రోగుల పరిచారకులచే కీర్తన్ క్రియా యను ధ్యానపద్ధతిని దినమునకు 12 నిమిషములు, 8 వారములు చేయించి, ప్రశాంత సంగీతము వినినవారితో పోల్చెను. ధ్యానము చేసినవారి కణములలో ఎన్.ఎఫ్. కప్పా-బి ఆధీనమునందలి జన్యువుల చైతన్యము తగ్గుట 2013లో ప్రకటితమైనది. పరిశీలితులు కొద్దిమంది యగుటచే ఈ ఫలితము స్థిరపడుటకు విస్తృత పరిశోధనలు వలయును.

శిక్షణ, స్వీయసంరక్షణ. రోగి ప్రవర్తనను అర్థము చేసికొని ఎదుర్కొను మెలకువలు నేర్పుట, విషాదరుగ్మతకు చికిత్స, నిద్రను కాపాడుకొనుట, నిత్యవ్యాయామము, పరిచారకుడు వేళకు టీకాలు వేయించుకొనుట, రక్తపోటును మధుమేహమును పరీక్షింపించుకొనుట సాధారణముగా సూచింపబడు ఉపాయములు. శోథము తగ్గుటకై మందులు తమంత తాము వాడుట వైద్యసమ్మతము కాదు.

భారతదేశమున పరిచర్య

60 ఏండ్లు పైబడిన భారతీయులలో 7.4 శాతమునకు, అనగా సుమారు 88 లక్షల మందికి, చిత్తవైకల్యము గలదని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము కలసి జరిపిన పరిశీలన తెలుపుచున్నది. వీరికి సేవ జరుగునది అధికముగా ఇండ్లలోనే. చేయునది అధికముగా భార్యలు, కోడండ్రు, కుమార్తెలు. తెలుగునాట అత్తగారు మంచాన పడినచో ఆ చాకిరి కోడలి విధిగా భావింపబడుటచే, ఆమె అలసట చెప్పుకొనదగిన విషయముగా నెంచబడదు. సంతానము అమెరికా మున్నగు దేశములందు స్థిరపడిన కుటుంబములలో వృద్ధ దంపతులలో ఒకరికి మరొకరే దిక్కగుచున్నారు. పైన వర్ణించిన అపాయము అధికముగా గల వర్గము సరిగా ఇదియే.

1992లో కేరళమున స్థాపితమైన భారత అల్‌జైమర్స్ మరియు తత్సంబంధిత రుగ్మతల సంఘము కుటుంబములకు సలహాలను, శిక్షణను ఇచ్చుచున్నది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము, 2007, పోష్యులగు వృద్ధుల హక్కులను నిర్దేశించునది. పోషించువారి ఆరోగ్యము దాని ముఖ్యోద్దేశము కాదు. పరిచర్యా ఒత్తిడికి శోథమునకు గల సంబంధమును గూర్చిన ప్రధాన పరిశోధనలలో అధికభాగము అమెరికా, బ్రిటనులలోని జనసముదాయములపై జరిగినవి గనుక, ఉమ్మడి కుటుంబము, అంటువ్యాధులు, ఆహారభేదము గల సమాజములకు ఆ సంఖ్యలను యథాతథముగా అన్వయింపరాదు.

ప్రాముఖ్యము

దుఃఖము, అలసట అనునవి మనస్సునకే పరిమితములు కావనియు, తెల్లరక్తకణముల జన్యువుల వరకు వాని జాడ ప్రసరింపగలదనియు ఈ పరిశోధనాశాఖ స్థాపించినది. దానివలన వైద్యవిధానమున కలిగిన ప్రయోజనము స్పష్టము: రోగిని పరీక్షించు వైద్యుడు, అతని ప్రక్కన నిలుచున్న బంధువునకు ఎన్ని గంటల నిద్ర దొరకుచున్నదో, చేదోడుగా ఎవరున్నారో, తన మందులు తాను వేసికొనుచున్నాడో లేదో అడిగి తెలిసికొనుట చికిత్సలో భాగమని నేడు పలు వైద్యమార్గదర్శనములు గుర్తించుచున్నవి. పరిచారకుడు మంచాన పడినచో రోగికిని సేవ నిలిచిపోవును గనుక, అతని ఆరోగ్యరక్షణ ఇరువురి చికిత్సయు నగుచున్నది.